యాభై రెండు అంగుళాల సగటు

జీడిపిక్కల గొడౌను దక్షిణం వైపు కప్పు ఫెళఫెళమంటూ కూలిన క్షణానికి, ఉమాకాంత్ టేపు పట్టుకుని సింహాచలం నడుము కొలుస్తున్నాడు.

"కదలకండి. ఊపిరి బిగపట్టకండి. బిగపడితే కొలత తప్పొస్తుంది."

"లోపల ఇద్దరాడోళ్ళు ఉండిపోనారు సార్!" సింహాచలం అరిచాడు.

"అందుకే కదండీ త్వరత్వరగా కొలుస్తున్నాను!"

లెంక సింహాచలం కొండపేట ఫైర్ స్టేషన్ ఆఫీసరు. ఆరడుగుల పైచిలుకు పొడవు, ఎముకల మీద ఖాకీ ఆరేసినట్టుండే శరీరం. నిచ్చెన పక్కన నిలబడితే ఏది నిచ్చెనో, ఏది ఆఫీసరో తేల్చుకోవడానికి దూరం నుంచి చూసేవాళ్ళకి కాస్త సమయం పట్టేది. ఆ శరీరం మీద ఇప్పుడు ప్రభుత్వం వారు కొత్తగా పంపిన అగ్నిరక్షణ సూటు వేలాడుతోంది. చొక్కా చేతులు మోచేతుల దగ్గర ఆగిపోయాయి. ప్యాంటు మోకాళ్ళ దగ్గర ఆగిపోయింది. నడుము దగ్గర మాత్రం ఎక్కడా ఆగలేదు. అక్కడ ఇంకో చిన్న కుటుంబం కాపురం పెట్టుకోవచ్చు.

ఉమాకాంత్ ఫైర్ మనిషి కాడు. రాజధానిలోని అగ్నిరక్షణ వస్త్ర ప్రమాణాల మండలి పంపిన పర్యవేక్షకుడు. మండలి వారు స్టేషనుకొకడిని చొప్పున ఇలాంటి కుర్రాళ్ళను నియమించారు. మంట ఎక్కడున్నా ఇంజనుతోపాటు వెళ్ళడం, సూటుకీ మనిషికీ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవడం వాళ్ళ పని. అతనికి చోటు చెయ్యడానికి ఇంజనులో ఒక ఫైర్‌మన్ సీటు తీసేశారు. ఫైర్‌మన్ వెనకాల సైకిలు మీద వస్తున్నాడు.

"ఎడమవైపు తొమ్మిది అంగుళాలు. కుడివైపు పది," ఉమాకాంత్ ప్రకటించాడు. "ఏడో నిబంధన ప్రకారం సూటుకీ దేహానికీ మధ్య అంగుళానికి మించి ఖాళీ ఉండకూడదు. గాలి చొరబడితే మంట చొరబడినట్టే. మీరు ప్రవేశానికి అనర్హులు. తర్వాతివారు!"

తర్వాతివాడు డ్రైవర్ తంగి ముసలినాయుడు. పేరులోనే తప్ప మనిషిలో ముసలితనం లేదు. ముప్పై దాటలేదు. బక్కపలచగా, వెదురు కర్రకి మీసం పెట్టినట్టు ఉంటాడు.

"నన్ను కొలిసి టైమెందుకు పాడుసేత్తారు బాబూ," అన్నాడు వాడు. "నానూ మా ఆఫీసరుగారూ ఒకే సూట్లో దూరిపోతాం. అప్పుడు ఖాళీ ఉండదు."

వాడు ఎగతాళికే అన్నాడు. ఉమాకాంత్ మాత్రం జేబులోంచి నిబంధనల పుస్తకం తీసి తిరగేశాడు. మొహం వికసించింది.

"నిషేధం లేదు! దూరండి!"

దూరారు. ఉమాకాంత్ నాలుగువైపులా టేపు పెట్టి చూశాడు. ఖాళీ సరిగ్గా అంగుళం. జనం చప్పట్లు కొట్టారు. అంతలో ఉమాకాంత్ నాలిక కరుచుకున్నాడు.

"కానీ ఒక సూటుకి ఒకే హెల్మెట్టండీ. ఇద్దరి తలలూ..."

గొడౌను అటక మీద నుంచి ఆడమనిషి కేక వినబడింది. దాని వెనకే దగ్గు. తర్వాత ఏమీ వినబడలేదు.

సింహాచలం సూటు విప్పి నేలమీద పారేశాడు. పిక్కలు నింపే గోనెసంచులు రెండు గొట్టం కింద తడిపాడు. ఒకటి తన నెత్తిన, ఒకటి ముసలినాయుడి నెత్తిన కప్పాడు.

"గోనెసంచికి ధ్రువీకరణ లేదండీ!" ఉమాకాంత్ గొంతు వాళ్ళ వెనక సన్నబడిపోయింది.

జీడితొక్క మంట మామూలు మంట కాదు. తొక్కలో నూనె ఉంటుంది. అది అంటుకుంటే పొగ నల్లగా, జిగటగా, పచ్చిమిరపకాయల పొగకి పెద్దన్నలా వస్తుంది. తగిలిన చోట తోలు బొబ్బలెక్కుతుంది. ఇద్దరూ గచ్చు మీద బోర్లా పడి, గోడని తడుముకుంటూ పాకారు. మెట్లు సగం కాలిపోయాయి. మిగిలిన సగం మీద సింహాచలం పొడవు అక్కరకొచ్చింది. కింది మెట్టు మీద నిలబడే అటక అంచు అందుకున్నాడు.

అటక మీద పప్పు ఒలిచే నారాయణమ్మ, ఆమె పక్క కూర్చుని పనిచేసే పార్వతి. పార్వతికి స్పృహ లేదు. ముసలినాయుడు ఆ పిల్లని భుజాన వేసుకున్నాడు. నారాయణమ్మకి స్పృహ ఉంది, నోరు కూడా ఉంది. సింహాచలం వీపు మీద కూర్చుని బయటికొచ్చేదాకా గొడౌను ఓనరు వంశాన్ని ఏడు తరాలు వెనక్కి తవ్విపోసింది.

నలుగురూ బయటపడ్డాక ఉత్తరం వైపు కప్పు కూడా కూలింది. జనం ఈలలు వేశారు. సింహాచలం ముంజేతులు రెండూ ఎర్రగా పొంగిపోయాయి. ముసలినాయుడి మీసం ఒకవైపు లేదు.

ఉమాకాంత్ నేలమీద పడున్న సూటుకి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీస్తున్నాడు.

* * *

చార్జిమెమో సింహాచలం కట్లు విప్పకముందే వచ్చింది. భార్య కృష్ణవేణి చదివి వినిపించింది. చేతులకి పట్టీలు ఉండటంతో అతను కాగితం పట్టుకోలేడు.

"ఒకటి, ప్రమాణ వస్త్రమును అగ్ని సమక్షమున విసర్జించుట. రెండు, ధ్రువీకరణ లేని గోనెసంచిని రక్షణ వస్త్రముగా దుర్వినియోగపరచుట. మూడు..." ఆమె ఆగిపోయింది.

"సెప్పు."

"మూడు, ప్రమాణ విరుద్ధ దేహమును కలిగియుండియు, సదరు విషయమును పై అధికారుల దృష్టికి తేకుండుట." కృష్ణవేణి కాగితం కిందపెట్టి మొగుణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. "పెళ్ళిసూపులప్పుడు మా నాన్న కూడా ఇదే మాటన్నాడు. నానే విననేదు."

"నవ్వకే. నేరం రుజువైతే డిస్మిస్ అంట. ఇరవైరెండేళ్ళ సర్వీసు."

నవ్వడం ఆగింది. సింహాచలానికి వేరే విద్య రాదు. మంట ఎక్కడ పుడుతుందో, ఎటు పాకుతుందో, ఏ గోడ ఎప్పుడు కూలుతుందో తప్ప ఇంకేమీ నేర్చుకోలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"పోనీ ఆ సూటు నానే విప్పి కుట్టేత్తానయ్యా. నడుములో తీసిన గుడ్డ కాళ్ళకి అతికేత్తే సరిపోద్ది."

"తొమ్మిదో నిబంధన. సూదిమొన తగిల్తే సూటు రద్దు, తగిలించినోడికి జైలు."

"మరి ఆ సూటు ఎవడికి సరిపోద్దంట?"

సింహాచలం కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. గొడౌను నుంచి వచ్చినప్పటి నుంచీ అతని బుర్రలో తిరుగుతున్న ప్రశ్న అదే. రాష్ట్రంలో ప్రతి స్టేషనుకీ ఇవే సూట్లు వచ్చాయి. అన్నీ ఒకే కొలత. నడుము యాభై రెండు అంగుళాలు, పొడవు ఐదడుగుల మనిషికి. కృష్ణవేణి చేత ఫోను చేయించి అందరినీ అడిగాడు. ఒక్క స్టేషనులో ఒక్కడికీ సరిపోలేదు. దర్జీ పొరపాటైతే ఒకటో రెండో తప్పొస్తాయి. ఇన్ని వేల సూట్లు ఒకేలా తప్పయ్యాయంటే ఆ కొలత ఎక్కడో ఒక మనిషి ఒంటి మీద నుంచి తీసిందే అయ్యుండాలి.

ఆ మనిషెవరు?

* * *

మండలి డైరెక్టర్ జనరల్ డాక్టర్ చక్రధరరావు గది ఎంత చల్లగా ఉందంటే, అక్కడ మంట గురించి ఆలోచించాలంటే చాలా ఊహాశక్తి కావాలి. సింహాచలం పట్టీల చేతులతోనే నమస్కారం పెట్టాడు.

"కూర్చోండి. మీ సాహసం ప్రశంసనీయం. మీ ప్రవర్తన శిక్షార్హం," అన్నాడు చక్రధరరావు. ఆయన ఏ వాక్యాన్నీ ఒంటరిగా వదిలేవాడు కాడు. వెనకే దాని తోబుట్టువుని పంపేవాడు. "చూడండి సింహాచలంగారూ, ప్రమాణం శిలాశాసనం లాంటిది. దేహం మైనపుముద్ద లాంటిది. ఈ రెండింటికీ పొసగనప్పుడు ఏది మారాలి?"

"సూటు మారాలి సార్."

"దేహం మారాలి." చక్రధరరావు దయగా నవ్వాడు. "యావత్ రాష్ట్ర అగ్నిమాపక సిబ్బంది శరీరాలను శాస్త్రీయంగా అధ్యయనం చేసి, సగటు తీసి, ఆ సగటుకి సూటు కుట్టించాం."

"మా స్టేషనుకి కొలవడానికి ఎవరూ రాలేదండి. పక్క స్టేషనుకీ రాలేదట. పక్క జిల్లాకీ..."

"సగటు తీయడానికి అందరూ అక్కర్లేదు."

"మరెందరు కావాలండి?"

చక్రధరరావు గోడ గడియారం చూశాడు. "అది సాంకేతిక విషయం. విచారణ నడుస్తున్నంతకాలం మీరు మా శిబిరంలో ఉండాలి. దేహ అనుసరణ శిబిరం. సూటు మీకు సరిపోకపోతే మిమ్మల్ని సూటుకి సరిపోయేలా చేస్తాం. ప్రభుత్వ ఖర్చుతో."

* * *

శిబిరంలో పొద్దున నేతిగారెలు, పాయసం. పదింటికి పూర్ణాలు. మధ్యాహ్నం పప్పు, నెయ్యి, వేపుడు, మళ్ళీ నెయ్యి. భోజనమయ్యాక నడవడం నిషేధం. నడిస్తే తిన్నది వృథా అవుతుందని శిబిరాధికారి మైకులో హెచ్చరించేవాడు. రాష్ట్రం నలుమూలల నుంచీ బక్క ఫైర్‌మన్లందరినీ తీసుకొచ్చి చాపల మీద కూర్చోబెట్టారు.

"మా పెళ్ళిలో కూడా ఇలగ ఎట్టనేదు," అన్నాడు ముసలినాయుడు, ఆరో పూర్ణం నోట్లో పెట్టుకుంటూ. వాడు కూడా నిందితుడే. మిగిలిన సగం మీసం గొరిగించేసుకున్నాడు.

"ఊర్లో ఇంజను ఎవడు తోల్తన్నాడ్రా?"

"ఉమాకాంతు. టేపు ఉందిగా, రోడ్డు కొలుసుకుంటూ ఎల్తాడు."

వెడల్పు సంగతి గారెలు చూసుకుంటాయి. పొడవు సంగతి ఏం చెయ్యాలన్నది శిబిరంలో పెద్ద చర్చ అయింది. మనిషిని పొడిగించే పద్ధతులు పుస్తకాల్లో ఉన్నాయి కానీ కుదించే పద్ధతి ఎక్కడా లేదు. చివరికి మండలి నుంచి ఉత్తర్వు వచ్చింది. సిబ్బంది మోకాళ్ళు వంచి, సగం కూర్చున్నట్టుగా మంటలోకి ప్రవేశించాలి. అప్పుడు ఎంతటివాడైనా ఐదడుగులకి దిగుతాడు. సాయంత్రం మైదానంలో ఆ డ్రిల్లు. ఈల కొట్టగానే వందలమంది ఫైర్‌మన్లు సగం కూర్చుని, ఆ భంగిమలోనే పైపు పట్టుకుని పరుగెత్తాలి. ప్రహరీ అవతల ఆడుకునే పిల్లలు ఆట మానేసి గోడెక్కి కూర్చునేవారు.

మూడోవారంలో వంటశాలలో మూకుడు అంటుకుంది. గారెల నూనె. మంట తడకని అందుకోబోయింది. రాష్ట్రంలోని ఫైర్‌మన్లలో సగంమంది అక్కడే ఉన్నారు. అందరూ ఒక్కసారి లేవబోయారు. లేవడానికి తిన్నది అడ్డొచ్చింది. లేచినవాళ్ళు సూట్లు తొడుక్కోవాలి. తొడుక్కున్నవాళ్ళు కొలత కోసం వరసలో నిలబడాలి. శిబిరం పర్యవేక్షకులు టేపులు విప్పారు. ఈలోగా వంటమనిషి పెద్ద ఇత్తడి మూత తెచ్చి మూకుడు మీద బోర్లించాడు. మంట చచ్చింది.

ఆ సాయంత్రమే మూతని సీజు చేశారు. ప్రమాణపత్రం లేని పరికరంతో మంట ఆర్పడం నేరం. దాని మీద ఎర్ర లక్క ముద్ర వేసి, తాడు కట్టి, ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. అప్పటినుంచి శిబిరంలో మూత లేకుండానే వండారు. ఈగలు కూడా ఒళ్ళు చేశాయి.

నెల తిరిగేసరికి సింహాచలం నడుము రెండంగుళాలు పెరిగింది. ముసలినాయుడికి పొట్ట వచ్చింది కానీ అది సూటులో ఖాళీ ఉన్నచోట కాక వేరేచోట వచ్చిందని తేల్చారు. బాగా తిన్న నలుగురు నిచ్చెన ఎక్కితే రెండు మెట్లు విరిగాయి. మండలి నివేదిక అచ్చయి వచ్చింది. శిబిరం ఘనవిజయం సాధించిందనీ, అయితే నిచ్చెనలు ప్రమాణాలకు అనుగుణంగా లేవని బయటపడిందనీ, వాటి కోసం మరో ఉపసంఘం అవసరమనీ అందులో ఉంది.

సింహాచలం చాప మీద పడుకుని ఆ నివేదిక చదివాడు. నవ్వు రాలేదు. ముందురోజే ఫోనులో తెలిసింది. కొండపేటలో ఓ గడ్డివామి, దాని పక్కనున్న పశువులశాల తగలబడ్డాయట. ఇంజను వెళ్ళిందట. టేపు కూడా వెళ్ళిందట. సూటు ఎవరికీ సరిపోలేదట. గేదెలు వాటంతటవే కట్లు తెంపుకుని బయటికొచ్చాయట.

ఈసారి గేదెలు కాబట్టి సరిపోయింది.

* * *

విచారణాధికారి మెహరున్నీసా బేగం రిటైర్డ్ జిల్లా జడ్జి. పొట్టి మనిషి, పెద్ద కళ్ళజోడు. ఆమె కోర్టులో నలభైమంది లాయర్లు ఒకేసారి మాట్లాడినా కళ్ళజోడు తీసి తుడుచుకుంటే చాలు, హాలంతా నిశ్శబ్దమైపోయేదని చెప్పుకునేవారు. మండలి సమావేశమందిరంలో విచారణ మొదలైంది. బల్ల మీద సూటు పరిచి ఉంది. అటువైపు చక్రధరరావు, ఆయన వెనక ఉమాకాంత్. ఇటువైపు సింహాచలం, ముసలినాయుడు. మూలన స్టెనో.

"నాకు ప్రసంగాలు వద్దు," అంది ఆమె. "ఒక్క పేరు కావాలి. సూటు వేసుకోకుండా మనుషులు మంటలోకి వెళ్ళాల్సి వచ్చింది. తప్పెవరిది?"

చక్రధరరావు లేచాడు. "అమ్మా, దీన్ని వ్యక్తిగత దోషంగా కాక, వస్త్ర-దేహ సమన్వయలోపంగా పరిగణించాలి. లోపం ఉన్నది, లోపి లేడు."

"స్టెనోగారూ, సమన్వయలోపం తండ్రి పేరు అడిగి రాసుకోండి," అంది మెహరున్నీసా. "తర్వాత?"

సాక్షిగా నారాయణమ్మ వచ్చింది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు.

"ఈయన లోపలికొచ్చినప్పుడు ఒంటిమీద ఏముంది?" జడ్జి అడిగింది.

"గోనెసంచి తల్లీ."

"అది ప్రమాణ వస్త్రం కాదని నీకు తెలుసా?" మధ్యలో దూరాడు చక్రధరరావు.

నారాయణమ్మ ఆయన వైపు తిరిగింది. "గోనె కాదు, గోచీ కట్టుకోకండా వచ్చినా నాను కళ్ళు మూసుకుని వీపెక్కేద్దును. నువ్వు ఆ కోటేసుకుని బయట నిల్సుంటే నీకు దండమెట్టుకుంటూ సచ్చిపోవాలేటి?"

ముసలినాయుడు దగ్గినట్టు నటించాడు. మెహరున్నీసా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. హాలు సర్దుకుంది.

"సరే, తేల్చేద్దాం. విషయం చిన్నది. ఈ సూటు ఫైర్‌మన్ కొలతలకి కుట్టిందే అయితే, దాన్ని విప్పి పారేసిన సింహాచలం దోషి. నిబంధన ప్రకారం ఉద్యోగం పోతుంది, నేనేం చెయ్యలేను. ఫైర్‌మన్ కొలతలకి కుట్టింది కాకపోతే ఇది సూటే కాదు, గుడ్డ. గుడ్డ విప్పితే నేరం కాదు. డాక్టరుగారూ, ఇది ఎవరి కొలత?"

"సగటు మనిషిదమ్మా."

"ఆయన్ని పిలవండి."

"సగటు మనిషి గణాంకాల్లో ఉంటాడు. వీధుల్లో తిరగడు." చక్రధరరావు గొంతులో జాలి ఉంది. "ఏ ఒక్కరికీ సరిపోకపోవడమే ఈ కొలత నిష్పాక్షికతకి నిదర్శనం. ఒకరికి సరిపోయి ఇంకొకరికి సరిపోకపోతే అది పక్షపాతం అయ్యేది."

ఇది అబద్ధమని మెహరున్నీసాకి తెలుసు. కానీ అబద్ధమని రుజువు చేసేది ఆమె ఎదుట ఏమీ లేదు. శిబిరం నుంచి పదిమందిని పిలిపించింది. ఒకరి తర్వాత ఒకరు సూటు తొడిగారు. నడుము నిండినవాడికి చేతులు చాల్లేదు. చేతులు సరిపోయినవాడికి నడుము జారింది. ఒకడు మోకాళ్ళు వంచి చూపించబోయి కూలబడ్డాడు.

"ఇది ఫలానావాళ్ళ కొలత అని చూపించేది ఏదైనా ఉందా నీ దగ్గర?" ఆమె సింహాచలాన్ని అడిగింది. మొదటిసారి ఆమె గొంతు మెత్తబడింది.

"నేదమ్మా."

"అయితే రికార్డులో ఉన్నది సగటు. సగటుని కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు." ఆమె స్టెనో వైపు తిరిగింది. "రాసుకోండి. దోషి, లెంక సింహాచలం..."

స్టెనో వేళ్ళు కదిలాయి. ముసలినాయుడు తల దించుకున్నాడు. సింహాచలానికి బొబ్బలు మానిన ముంజేతులు మళ్ళీ మండుతున్నట్టనిపించింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

తెరుచుకున్న తలుపులోంచి ముందు ఐదు గిన్నెల క్యారియరు వచ్చింది. దాని వెనక ఒక పొట్ట వచ్చింది. పొట్ట వెనక, కాసేపటికి, చిరునవ్వుతో ఒక కుర్రాడు వచ్చాడు. ఐదడుగులుంటాడేమో. పొడవుకీ వెడల్పుకీ పెద్ద తేడా లేదు.

"సారీ మావయ్యగారూ, ఆలస్యమైపోయింది. అత్తయ్యగారు అరిసెలు కూడా పెడతానని ఆపేశారు."

మామూలు మనిషి ఎదుటివాడి మొహం చూస్తాడు. మంటల్లోంచి మనుషుల్ని మోసుకొచ్చేవాడు ముందు ఒళ్ళు చూస్తాడు. ఎంత బరువు, ఎక్కడ పట్టుకోవాలి, ఏ కిటికీలో పడతాడు. సింహాచలం కళ్ళు ఆ కుర్రాడి భుజాల మీద పడ్డాయి. అక్కడి నుంచి చేతుల మీదికి, నడుము మీదికి జారాయి. అక్కడి నుంచి బల్ల మీద పరిచిన సూటు మీదికి వెళ్ళాయి.

అతను లేచి, వంగి, పెళ్ళిపందిట్లో వియ్యాలవారిని పలకరించినట్టు పలకరించాడు.

"అల్లుడుగారూ! ఒక్క నిమిషం. ఈ కోటు ఓసారి తొడుక్కుంటారా?"

"వద్దు!"

ఆ అరుపు చక్రధరరావుది. అంత పొట్టి వాక్యం ఆయన నోటి నుంచి రావడం మండలిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. దాని వెనక తోబుట్టువు కూడా లేదు.

మెహరున్నీసా కళ్ళజోడు సర్దుకుంది. "ఎందుకు వద్దు డాక్టరుగారూ?"

"అతను... భోజనం చెయ్యలేదమ్మా ఇంకా."

"చేస్తాడు. ముందు తొడుక్కోనివ్వండి."

కుర్రాడి పేరు ఫణికుమార్. అతనికి అభ్యంతరమేమీ లేదు. ఎవరో తన మీద ఇంత ఆసక్తి చూపడం అతనికి బాగానే ఉంది. క్యారియరు ఉమాకాంత్ చేతిలో పెట్టి, సూటు అందుకుని, కాళ్ళూ చేతులూ దూర్చి, జిప్పు పైకి లాగాడు. జిప్పు ఎక్కడా ఇరుక్కోలేదు. భుజాలు భుజాల మీద కూర్చున్నాయి. చేతులు మణికట్టు దగ్గర ఆగాయి. ప్యాంటు చీలమండ దగ్గర ఆగింది. నడుము దగ్గర సూటు, దేహం ఒకదాన్నొకటి కౌగిలించుకున్నాయి.

ఉమాకాంత్ అలవాటు చొప్పున ఒక చేత్తో టేపు తీశాడు. కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"అన్నివైపులా... అర అంగుళం," అన్నాడు. గొంతులో భక్తి ఉంది. ఉద్యోగంలో చేరాక అతను చూసిన మొదటి అర్హుడు.

"భలే కుట్టాడే!" అద్దం కోసం చుట్టూ చూశాడు ఫణికుమార్. "ఇన్నాళ్ళకి వచ్చిందా? నేను మర్చేపోయాను."

హాల్లో సూది పడితే వినబడేది. తొమ్మిదో నిబంధన ప్రకారం సూదులు ఎవరి దగ్గరా లేవు.

"ఎప్పటి సంగతి బాబూ?" మెహరున్నీసా గొంతు తేనెలా ఉంది.

"పెళ్ళయ్యాక మొదటి దీపావళండి. అల్లుడికి బట్టలు పెట్టాలిగా, అందుకని పిలిచారు. తర్వాత అత్తయ్యగారు వెళ్ళనివ్వలేదు, ఇక్కడే ఉన్నాను. ఇంట్లో కరెంటు పోతే మావయ్యగారి ఆఫీసులో ఏసీలో కూర్చునేవాణ్ణి. ఓ రోజు టైలరొచ్చాడు. పాపం పొద్దున్నుంచీ టేపు పట్టుకుని కూర్చున్నాడు. కొలతలివ్వడానికి ఫైరువాళ్ళు రావాలిట. ఒక్కడూ రాలేదు. ఎక్కడో గోదాముకి నిప్పంటుకుందిట, అందరూ అటు పోయారు. సాయంత్రంలోగా కొలతలు పంపకపోతే ఫైలు వెనక్కి పోతుందన్నారు. అక్కడ ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే." ఫణికుమార్ వినయంగా తలవంచాడు. "దానికేముంది, సాయం చేశాను."

"ఓలమ్మో," అంది నారాయణమ్మ.

మంటలు ఆర్పేవాళ్ళకి ఖాళీ దొరకలేదు. అందుకని ఖాళీగా ఉన్నవాడి ఒళ్ళు కొలిచి, ఆ కొలతతో రాష్ట్రమంతటికీ బట్టలు కుట్టించారు. సింహాచలం కుర్చీలో నెమ్మదిగా వెనక్కి వాలాడు. శిబిరంలో నెలరోజులు తిన్న గారెలన్నీ ఇప్పుడు అరిగినట్టనిపించింది.

చక్రధరరావు రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. "నమూనా పరిమాణం ఒకటి. చిన్నదే. కానీ నాణ్యమైనది. పైగా ప్రమాణ నిర్ణయంలో మా పాత్ర సమష్టిది. దీనికి కర్త అంటూ ప్రత్యేకంగా..."

మెహరున్నీసా కళ్ళజోడు తీసింది. ఆయన ఆగిపోయాడు.

"స్టెనోగారూ, ఇందాక రాసిన పేరు కొట్టెయ్యండి. గుడ్డ విప్పినందుకు ఎవరికీ శిక్ష లేదు. సింహాచలం, నువ్వూ నీ డ్రైవరూ ఇవాళే మీ ఊరెళ్ళండి." ఆమె ఫణికుమార్ వైపు తిరిగింది. "బాబూ, ఒక్క చివరి ప్రశ్న. టైలరుకి నిన్ను చూపించి, నీ కొలతే రాష్ట్రం మొత్తానికీ పంపమని చెప్పిన మహానుభావుడెవరు? హోదాతో సహా, హాలంతా వినబడేలా చెప్పు. స్టెనోగారు రాసుకుంటారు."

చక్రధరరావు అల్లుడి వైపు కళ్ళతో ఏదో సైగ చేశాడు. ఫణికుమార్‌కి ఆ సైగ మెప్పుకోలులా కనిపించింది. మావయ్యగారికి ఏదో పెద్ద బిరుదు ఇవ్వబోతున్నారని అర్థమైపోయింది. సూటు సర్దుకుని, ఛాతీ విరుచుకుని, అటెన్షన్‌లో నిలబడ్డాడు. రాష్ట్రంలో ఆ సూటులో అలా నిలబడగలిగినవాడు అతనొక్కడే.

"ఇంకెవరండీ!" గర్వంతో అతని గొంతు కిటికీ అద్దాలను కదిలించింది. "అగ్నిరక్షణ వస్త్ర ప్రమాణాల మండలి డైరెక్టర్ జనరల్, మా మావయ్యగారు, డాక్టర్ చక్రధరరావు గారు!"